ఎరెగూడూ టెంకీ - ఒక తెలుగు చేప కథ

ఐయూసీఎన్ వాళ్ళ రెడ్ లిస్టు అని ఒకటుంది. ప్రపంచంలో అంతరించిపోయే ప్రమాదమున్న జీవులన్నిటికీ అదో రిజిస్టరు. నోరు తిరగని లాటిన్ పేర్లు వేలకి వేలు. వాటి మధ్యలో 'మొబ్యులా ఎరెగూడూ' అని ఒక పేరు కనిపిస్తుంది. పక్కన 'ఎండేంజర్డ్' అని ముద్ర. ఆ ఎరెగూడూ లాటినూ కాదు, గ్రీకూ కాదు. రెండొందల ఏళ్ళ పైమాటే, విశాఖపట్నం ఒడ్డున మన జాలరివాళ్ళు ఒక చేపని పిలిచిన పేరు అది!

ఈ మాట అక్కడిదాకా ఎలా వెళ్ళిందో ముందు చెప్తాను. పాట్రిక్ రసెల్ అని ఒక స్కాట్లండు డాక్టరు. అన్నగారికి విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువు, ఈయన 1780ల మొదట్లో ఆయనతో పాటు వచ్చాడు. 1785లో కంపెనీ ఈయన్ని కర్ణాటక ప్రాంతానికి తమ ప్రకృతి శాస్త్రవేత్తగా పెట్టుకుంది. పాముల పిచ్చి బాగా ఉండేది, రక్తపింజరికి శాస్త్రీయ నామంలో రసెల్ పేరే పెట్టారు. (కట్లపాముల ప్రజాతి పేరు 'బంగారస్' ఉంది కదా, అది కూడా ఈయన రాసుకున్న మన 'బంగారం పాము' నుంచి పుట్టిందే.) 1789లో ఇంగ్లండు వెళ్ళిపోయాడు. విశాఖలో సేకరించిన 200 చేపల బొమ్మలు, వర్ణనలతో 1803లో రెండు సంపుటాల పుస్తకం వేశాడు. అందులో నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, చేపలకి తను కొత్త పేర్లు పెట్టుకోకుండా ఒడ్డున జనం ఏమంటారో అదే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేశాడు. బల్లపరుపుగా, రెక్కల్లా చాచుకుని, వెనక తోకతో ఉండే చేపలు చాలావాటి పేరు చివర 'టెంకీ' అని ఉంటుంది. వాటిలో ఒకటి 'ఎరెగూడూ టెంకీ'.

తర్వాత వచ్చిన శాస్త్రవేత్తలు, 1849లో క్యాంటర్, 1859లో బ్లీకర్, ఆ పేర్లనే లాటిన్ వేషం వేసి వాడుకున్నారు. చాలా ఏళ్ళపాటు ఈ చేప శాస్త్రీయ నామం 'మొబ్యులా ఎరెగూడూటెంకీ'. 2018లో ఇది వేరే జాతి కాదు, 'కూలియై' అనే ఇంకో జాతీ ఇదీ ఒకటేనని కలిపేశారు. 2020లో డీఎన్‌ఏ పరీక్షలూ శరీర కొలతలూ చూసి, కాదు, ఇది వేరేదే అని మళ్ళీ విడదీసి క్యాంటర్ పెట్టిన 'ఎరెగూడూ' పేరు ఖాయం చేశారు. మర్జ్ చేసిన బ్రాంచిని రివర్ట్ చేశారన్నమాట :)

రసెల్ 'టెంకీ' అని రాసుకున్న తరహా చేపల్ని ఇవాళ మన కోస్తాలో 'టేకు' అంటున్నారు. నల్లగండ్లలో చేపల దుకాణానికి వెళ్తే బొచ్చె, రవ్వ, కొర్రమీను తప్ప వేరే మాట వినపడదు కాబట్టి మన ఐటీ జనంలో చాలామందికి టేకు అంటే తలుపులు చేసే చెక్కే గుర్తొస్తుంది. కాకినాడ, బందరు, విశాఖ వైపువాళ్ళకి చెప్పక్కర్లేదు. పేపర్లో కూడా అప్పుడప్పుడూ చూస్తుంటాం, 'మత్స్యకారుల వలకు చిక్కిన భారీ టేకు చేప' అని, క్రేనుకి వేలాడుతూ ఒక పేద్ద నల్లటి చేప, చుట్టూ సెల్‌ఫోన్లతో జనం. ఆ ఫొటో చూసి "అబ్బో" అనుకుని పేజీ తిప్పేస్తాం. అంత పెద్ద చేప అంతవరకు పెరగడానికి ఎన్నేళ్ళు పట్టిందో, దాని జీవితకాలంలో ఎన్ని పిల్లల్ని కంటుందో మనకి తట్టదు. అసలు లెక్కంతా అక్కడే ఉంది.

ఇంగ్లీషులో వీటిలో రెండు తెగల్ని వేరుచేసి స్కేట్, రే అంటారు. స్కేట్లు తోలు సంచి లాంటి పెంకులో గుడ్లు పెడతాయి, రేలు పిల్లల్ని కంటాయి, వాటిలో చాలావాటికి తోక మీద విషపు ముల్లు ఉంటుంది. అసలైన స్కేట్లు మన దగ్గర లోతు నీళ్ళలో తప్ప పెద్దగా దొరకవు. మనకి దొరికేవన్నీ దాదాపు రేలే. కానీ రెండిటి కష్టమూ ఒకటే. సొరచేపల చుట్టాలు ఇవి, ఎముకలుండవు, మృదులాస్థి మాత్రమే. కవ్వళ్ళు (అదే, సార్డీన్లు) ఏడాదిలో ఎదిగి వేలకి వేలు గుడ్లు పెట్టేస్తాయి, ఈ ఏడు పట్టేసినా వచ్చే ఏడు మళ్ళీ వస్తాయి. స్కేట్లూ టేకులూ అలా కాదు. యూరప్ కామన్ స్కేటు పిల్లలు పెట్టే వయసుకి రావడానికి పదేళ్ళ పైన పడుతుంది, ఆ తర్వాత కూడా ఏడాదికి నలభై గుడ్లంటే గొప్ప. మన ఎరెగూడూ అయితే ఒక కాన్పుకి ఒకటే పిల్ల. అడుగున్నర, రెండడుగుల పిల్లగా పుట్టి, పెరిగి నాలుగడుగుల పైచిలుకు వెడల్పు అవుతుంది. ఏనుగో, మనిషో కన్నట్టు కంటుంది, వల మాత్రం దాన్ని రొయ్యతో సమానంగా చూస్తుంది.

రొయ్య అన్నాను కదా, ఈ కథలో విలన్ అని ఎవర్నైనా అనాలంటే రొయ్యనే అనాలి. కొంచెం వివరంగా చెప్పుకుందాం.

ముందు యూరప్ సంగతి. ఆవిరి ట్రాలర్లు 1880లలో మొదలయ్యాయి. ట్రాలంటే పెద్ద సంచి వల, దాన్ని సముద్రం అడుగున ఈడ్చుకుంటూ పోతారు. అడుగున పడుకుని ఉండే బల్లపరుపు చేపకి ఇంతకంటే శత్రువు లేదు. కామన్ స్కేటు పేరులోనే ఉంది, సర్వసాధారణంగా దొరికేది అని. 1981లో కీత్ బ్రాండర్ అనే ఆయన 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు, ఐరిష్ సముద్రంలోంచి కామన్ స్కేటు మాయమైపోయింది అని. వాణిజ్య వేటవల్ల ఒక చేప ఒక సముద్రంలో కనపడకుండా పోయిందని స్పష్టంగా చెప్పిన మొదటి వ్యాసాల్లో అదొకటి. చిత్రం ఏమిటంటే ఆ స్కేటుని ఎవరూ పనిగట్టుకుని వేటాడలేదు. వేరే చేపల కోసం వేసిన వలలో పడింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఒక చేప కోసమే పడవ వెళ్తోందనుకోండి, ఆ చేప తగ్గిపోతే డీజిలు ఖర్చు కూడా రాదు, వేట మానేస్తారు. చేప కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. కానీ డీజిలు ఖర్చు వేరే చేప ఇస్తుంటే? అప్పుడు స్కేటు ఎంత అరుదైనా పడవ ఆగదు. ఆఖరి స్కేటు కూడా ఆ వలలోనే పడుతుంది. లూప్ నుంచి బయటికి రావాల్సిన షరతు వేరే వేరియబుల్ మీద రాసేశాం.

1998లో అట్లాంటిక్ అవతల గట్టున ఇదే కథ బయటపడింది. కెనడాలో జిల్ కేసీ, రాన్సమ్ మయర్స్ అనే ఇద్దరు పాత సర్వేల లెక్కలు తిరగేశారు. బార్న్‌డోర్ స్కేటు అని, పేరుకి తగ్గట్టే పశువుల కొట్టం తలుపంత ఉంటుంది. 1950లలో సర్వే వలల్లో మామూలుగా పడిన చేప, 1970లకల్లా దాదాపు సున్నా. ఇరవై ఏళ్ళకి పైగా ఎవరూ గమనించలేదు! లెక్కలు లేక కాదు, లెక్కలు ఉన్నాయి. ఆ చేపకి ధర లేదు కాబట్టి ఆ వరస ఎవరూ చదవలేదు, అంతే.

ఇంకో తమాషా ఉంది. 2000లో నిక్ డల్వీ, అతని సహచరులు ఒక వ్యాసంలో చూపించింది ఇది: ఈశాన్య అట్లాంటిక్‌లో 'స్కేట్లు, రేలు' అని అన్నీ కలిపి రాసే లెక్కలు చూస్తే వేట చాలా నిలకడగా కనిపిస్తుంది. విడదీసి చూస్తే పెద్ద జాతులు కుప్పకూలిపోతున్నాయి, వాటి జాగాలో చిన్న జాతులు పెరుగుతున్నాయి. మొత్తం మాత్రం మారలేదు. మనం సర్వర్ల సగటు రెస్పాన్స్ టైమ్ చూసి అంతా బానే ఉందనుకున్నట్టు. ఆ కామన్ స్కేటు కూడా ఒకటి కాదట. 2010లో ఫ్రాన్సులో ఇగ్లేసియాస్ వాళ్ళు ఒకే పేరు కింద రెండు జాతులు ఉన్నాయని తేల్చారు. రెండిటిలో పెద్దది ఎప్పుడో ఎక్కువ దెబ్బతింది, పేరు ఒకటే కావడంతో ఎనభై ఏళ్ళకి పైగా తెలియలేదు.

ఇప్పుడు మన ఒడ్డుకి వద్దాం. రసెల్ చూసిన వేట తెప్పలది, చేతి వలలది, ఒడ్డు నుంచి లాగే అలివి వలలది. వాటిలో టేకులు పడేవి, జనం తినేవాళ్ళు, ఎండబెట్టుకునేవాళ్ళు. కానీ తెప్ప వెళ్ళలేనంత దూరం, వల అందనంత లోతు, గాలివాన రోజులు - ఇవన్నీ చేపకి సెలవులే. చట్టం రాయని నిషేధం అది.

ఆ సెలవులు మూడు నాలుగు దశాబ్దాల్లో రద్దయ్యాయి. 1952లో నార్వేతో ఒప్పందం కుదిరి కేరళలో ఇంజను పడవలు మొదలయ్యాయి. పేదవాళ్ళకి చేప తినిపించడం అసలు ఉద్దేశం, తేలింది మాత్రం రొయ్యల ఎగుమతి. 1966లో రూపాయి విలువ తగ్గించాక డాలర్లు ఇంకా ముద్దొచ్చాయి. తూర్పు తీరంలో కూడా 1960లలో కేంద్ర ప్రభుత్వ ఓడలు విశాఖ నుంచి ఒడిశా దాకా అడుగు వలలు లాగి ఎక్కడ ఏముందో పటం గీశాయి. 1970లలో విశాఖలో ఫిషింగ్ హార్బరు వచ్చింది. తర్వాత మెక్సికన్ ట్రాలర్లని పిలిచే పెద్ద ఇనుప ఓడలు, 1980లలో వాటికి విశాఖే రాజధాని. పైన బెంగాలు దగ్గర శాండ్‌హెడ్స్ దాకా వెళ్ళి రొయ్యలు పట్టేవి. చిన్న ట్రాలర్లు కూడా, అదే సోనా బోట్లు, మెల్లగా ఐసు వేసుకుని రోజుల తరబడి సముద్రంలో ఉండే వేటకి దిగాయి.

పెద్ద ట్రాలర్లో ఐసు గదిలో జాగా తక్కువ, రొయ్య ఖరీదు ఎక్కువ. దాంతో రొయ్యలు ఉంచుకుని మిగతా చేపలు చాలా భాగం సముద్రంలోకే విసిరేసేవాళ్ళు. చచ్చిపోయిన చేపలు. వాటిలో టేకులెన్నో, ఎరెగూడూలెన్నో ఏ లెక్కల పుస్తకంలోకీ ఎక్కలేదు. ఒడ్డుకి వచ్చినదాన్నే కదా లెక్కపెడతారు. సీఎంఎఫ్ఆర్ఐ వాళ్ళు 1950ల నుంచి దేశమంతా ఒడ్డుకి చేరే చేపల లెక్క తీస్తున్నారు, గొప్ప పని, కాదనను. కానీ అందులోనూ సొరలు, స్కేట్లు, రేలు అని మూడే మూడు పెద్ద పెట్టెలు. అందులో 'స్కేట్లు' అని రాసిన కాలమ్‌లో ఉన్నవి స్కేట్లు కావు! గిటారు చేపలు, అంటే ముందు భాగం టేకులాగా, వెనక భాగం సొరలాగా ఉండే చేపలు. తెలియనివాడు ఆ కాలమ్ పేరు చూసి గ్రాఫు గీసి బెంగాల్ సముద్రంలో స్కేట్ల చరిత్ర అని పేపరు రాసేయొచ్చు.

ఆ గిటారు చేపల పరిస్థితి టేకులకన్నా ఘోరం. వాటి రెక్కలకి చైనా సూపు మార్కెట్లో సొర రెక్కలకంటే ఎక్కువ ధర. 2019లో ఐయూసీఎన్ లెక్కల ప్రకారం పెద్ద గిటారు చేపలు, వెడ్జ్ చేపలు కలిపి 16 జాతులుంటే ఒక్కటి తప్ప అన్నీ తీవ్ర ప్రమాదంలో ఉన్నాయి. ఇక రంపం లాంటి ముక్కున్న చేప అయితే, వలలో చిక్కుకోవడానికి దేవుడు ప్రత్యేకంగా చేసినట్టు ఉంటుంది పాపం. ఎరెగూడూ చుట్టాలైన మాంటాలకి ఇంకో గండం. వాటి మొప్పల్లో జల్లెడలాంటి ఈకలు మందని చైనాలో కొంటారు. ఆ బేరం వచ్చాక పారేసే చేప కాస్తా పట్టే చేప అయింది. 2021లో తేల్చిన లెక్కలో సొరలు, టేకులు, వాటి చుట్టాలు కలిపి 1,199 జాతులైతే, మూడో వంతుకి మించి ప్రమాదంలో ఉన్నాయి, అన్నిటికీ మూలం అతివేటే.

ప్రభుత్వం ఏమీ చేయలేదా అంటే, చేసింది. చేసిన పద్ధతి చూడండి. 2001 జులైలో ఒక నోటిఫికేషనుతో సొరలు, టేకులు మొత్తం తరగతిని పులి, ఏనుగులున్న మొదటి షెడ్యూల్లో పెట్టేశారు. అంటే పొద్దున్న వలలో పిల్ల టేకు పడినా జైలు. తీరం పొడుగునా మత్స్యకారులు గొడవపెట్టారు, పెట్టక ఏం చేస్తారు? వలకి ఏది పడాలో చెప్పే సెట్టింగు ఉండదు. అదే ఏడాది డిసెంబరులో జాబితా పది జాతులకి కుదించారు. 2015 ఫిబ్రవరిలో సొర రెక్కల ఎగుమతి నిషేధించారు. 2022లో వన్యప్రాణి చట్టం సవరించి జాబితా మళ్ళీ పెంచారు, 2023 ఏప్రిల్ నుంచి అమలు. మొదట అంతా, తర్వాత దాదాపు ఏమీ లేకుండా, మళ్ళీ కొంత. ఇరవై ఏళ్ళలో మూడుసార్లు స్పెసిఫికేషను మార్చిన క్లయింటుని చూసి మనం ఏమనుకుంటామో హార్బరులో వాళ్ళూ అదే అనుకుంటారు.

నా అభిప్రాయం అడిగితే, ఈ మొత్తంలో తెప్ప మీద బతికేవాడిని దోషిగా నిలబెట్టడం అన్యాయం. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరపడవలు రాకూడదని ఆంధ్ర ప్రదేశ్ చట్టం 1994లోనే ఉంది. అది పాటిస్తే చిన్నవాడి చేపా మిగిలేది, ఒడ్డుకి పిల్లలు పెట్టడానికి వచ్చే టేకులకీ కాస్త చోటు ఉండేది. ఉద్యోగాలు వెతుక్కుంటూ మనం నల్లగండ్ల, గచ్చిబౌలి వచ్చినట్టు శ్రీకాకుళం కుర్రాళ్ళు గుజరాతులో వెరావల్ పోయి ట్రాలర్లెక్కుతున్నారు. 2018లో అలా వెళ్ళి పాకిస్తాను వాళ్ళకి చిక్కి 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చినవాళ్ళ కథే 2025లో 'తండేల్' సినిమా అయింది. వలస పోవడానికి కారణం ఒక్క చేపలు తగ్గడమే కాదు, జెట్టీలు లేకపోవడం, అప్పులు, అన్నీ ఉన్నాయి. కానీ సొంత సముద్రం నిండుగా ఉంటే అంత దూరం పోయేవాళ్ళా అనిపిస్తుంది.

ఇదంతా ఏడుపు కథేమీ కాదండోయ్. బార్న్‌డోర్ స్కేటు తిరిగి వచ్చింది! 1994 చివర్లో అమెరికావాళ్ళు వేరే చేపల కోసం జార్జెస్ బ్యాంకులో పెద్ద ప్రాంతాలు మూసేశారు. 2003లో ఈ స్కేటుని ఒడ్డుకి తేవడం నిషేధించారు. 2016కల్లా కోలుకుందని ప్రకటించి, 2018లో పరిమితంగా పట్టుకోనిచ్చారు. లోతు నీళ్ళలో ట్రాలు అందనిచోట కొన్ని మిగిలి ఉండటం కూడా కలిసొచ్చింది. స్కాట్లండులో అయితే స్కై దీవి దగ్గర సముద్రం అడుగున పెద్ద స్కేటు గుడ్లు పెట్టే చోటు గుర్తించి, 2021లో అత్యవసరంగా ఆ నీళ్ళు రక్షిత ప్రాంతం చేశారు. ఎక్కడ పుడుతుందో తెలిస్తే సగం పని అయినట్టే.

మనకీ కొన్ని ఆయుధాలు చేతిలోనే ఉన్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం ఉంది. ఇంకొకటి తాబేళ్ళ కోసం తయారైంది. ట్రాలు వల గొంతులో ఒక ఇనుప చట్రం పెడతారు, రొయ్యలు ఊచల సందులోంచి లోపలికి పోతాయి, తాబేలు ఊచలకి తగిలి పై కిటికీలోంచి బయటపడుతుంది. మన సీఐఎఫ్‌టీ వాళ్ళు మన వలలకి సరిపోయేలా ఒకటి తయారుచేశారు. అది పెట్టలేదనే అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యల్ని కొనడం మానేసింది (చెరువు రొయ్యలకి ఆ బాధ లేదు). ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో ఇలాంటి చట్రాలు పెట్టాక తేలిన సంగతి - తాబేళ్ళతో పాటు పెద్ద పెద్ద టేకులు కూడా ఆ కిటికీలోంచే బయటికి పోతున్నాయి. పిల్ల టేకులు ఊచల సందులో దూరిపోతాయి, వాటికి లాభం లేదు, కానీ పిల్లల్ని కనే పెద్దవి బతుకుతాయి.

బోటు ఓనర్ల అభ్యంతరం ఏమిటంటే ఆ కిటికీలోంచి రొయ్యలూ, ధర పలికే పెద్ద చేపలూ కొన్ని పోతాయని. పోతాయి, అబద్ధం కాదు. ఆ నష్టం ఎవరు భరించాలన్నదే మిగిలిన ప్రశ్న. రొయ్యల డాలర్లతో ఆ పడవలకి అప్పులిచ్చి, డీజిలు మీద రాయితీ ఇచ్చి సముద్రంలోకి పంపింది ప్రభుత్వమే కాబట్టి, చట్రం ఖరీదూ, జారిపోయిన రొయ్యల ఖరీదులో కొంతా అదే పెట్టుకోవాలని నేనంటాను. ఇక హార్బరులో అంటించే రక్షిత చేపల పట్టిక లాటిన్లోనో ఇంగ్లీషులోనో ఉంటే వల లాగేవాడికి ఉపయోగం సున్నా. తెలుగులో, ఏ ఊళ్ళో ఏ పేరంటే ఆ పేరుతో, బొమ్మలతో వేయాలి. రసెల్ 1803లో వేసినట్టు.